రెండు రాత్రుల్లో ముగించా, నడుమ లైబ్రరీ భాగం దూకేశా. ఇది చదివినట్టా, చదవనట్టా?

చెనిక్కాయ
నీల్ స్టీఫెన్‌సన్ రాసిన ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ నవల స్నో క్రాష్ (1992) నిన్న రాత్రి అయిపోయింది. మొత్తం రెండు రాత్రులు, ఒక బస్సు ప్రయాణం. అనంతపురంలో మధ్యాహ్నం బస్సెక్కి మొదటి పేజీ తీశాను. గుత్తి కోట ఎప్పుడు దాటిందో తెలీదు. డోన్‌లో ఎవరో చెనిక్కాయల పొట్లం మొహం ముందు పెట్టి ఊపితే తల ఎత్తాను. కర్నూలు బస్టాండులో అందరూ దిగిపోయాక కూడా సీట్లోనే ఉంటే, నిద్రపోయాననుకొని డ్రైవర్ వచ్చి భుజం తట్టాడు.

ఇంత వేగంగా నేను ఇంగ్లీషు పుస్తకం ఎప్పుడూ చదవలేదు. మొదటి అధ్యాయంలో ఉన్నది పిజ్జా డెలివరీ, అంతే. ముప్పై నిమిషాల్లో చేర్చాలి, ఆ పిజ్జా కంపెనీ మాఫియాది. దానికే నా అరచేతులు చెమట పట్టాయి.

ఇప్పుడు నా బాధ. నడుమ మన హీరో కంప్యూటర్ లోకంలో ఒక లైబ్రేరియన్‌ను ముందు పెట్టుకొని సుమేరియా (ఇప్పటి ఇరాక్‌లోని పాత నాగరికత), మట్టి పలకలు, ఎన్కి దేవుడు అంటూ పేజీలకు పేజీలు ముచ్చట పెడతాడు. బండి అక్కడే ఆగిపోయింది. కాసేపు చూసి, మళ్ళీ తన్నులాట మొదలైన చోటికి దూకాను. ఇట్లా మూడు నాలుగు సార్లు. ఇప్పుడు ఎవరైనా కథ చెప్పమంటే సగమే చెప్పగలను. విలన్‌కు అసలు ఏం కావాలో నాకు తెలీదు. చదివినంతసేపు మాత్రం పండగే.

ఇంకోటి. నాది సెకండ్‌హ్యాండ్ కాపీ. ముందు చదివినాయన కష్టమైన మాటలకు పక్కన పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకున్నాడు. సరిగ్గా లైబ్రరీ మొదలైన రెండో పేజీలో పెన్సిల్ ఆగిపోయింది. తోడు దొరికినట్టయింది నాకు.

ఉగ్గాణి_బజ్జీ
చదవనట్టే.

ఏడురోడ్లు
ఉగ్గాణీ, నీకు జాలి లేదప్పా. చెనిక్కాయా, నువ్వు దూకావు, నేనైతే అక్కడే పుస్తకం మూసేశాను, రెండేళ్ళు తెరవలేదు. నీకంటే నేనే పెద్ద దోషిని.

తుంగభద్ర_గట్టు
హీరో పేరు గురించి ఎవరూ మాట్లాడరేం? వాడి పేరు హిరో, ఇంటిపేరు ప్రొటాగనిస్ట్. అంటే తెలుగులో "నాయకుడు కథానాయకుడు". మన సినిమాలో ఎవరైనా ఈ పేరు పెడితే మొదటి రోజు మ్యాట్నీకే ఉతికి ఆరేస్తారు. ఇక్కడేమో నవ్వుకొని పేజీ తిప్పేశాను.

మూడో_షిఫ్ట్
నాకు లైబ్రరీ సంగతి తర్వాత. మొదటి అధ్యాయం గురించి నేను మాట్లాడాలి. కర్నూలులో ఏడాదిన్నర బండి మీద తిండి డెలివరీ చేశాను. కంపెనీ పేరు వద్దులెండి.

నవలలో పిజ్జా డబ్బాకే గడియారం ఉంటుంది, ఆర్డర్ పెట్టి ఎన్ని నిమిషాలైందో చూపిస్తూ. మాకు అది ఫోన్‌లో ఉండేది. రాజ్‌విహార్ దగ్గర సిగ్నల్ పడితే ఆ అంకె చూడకూడదనుకుంటాం, చూస్తాం. హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ మీద వాన చినుకు పడితే వేలితో తుడవాలి, తుడిస్తే తెర ఇంకెక్కడికో పోతుంది, మళ్ళీ మ్యాప్ తెచ్చుకోవాలి. వెనక సంచిలో షేర్వా గిన్నె ఒరిగిందా లేదా అన్నది వాసనతో తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్ దాటిన క్షణంలో మసాలా వాసన ముక్కుకు కొట్టిందంటే మూత ఊడినట్టు లెక్క.

ఒక రాత్రి వానలో కల్లూరు వైపు ఆర్డర్. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. తలుపు తీసినాయన టైము చూడలేదు. "తడిసిపోయావు కదప్పా, ఉండు, తువ్వాలు ఇస్తా" అని లోపలికి పోయాడు. ఆయన వచ్చేదాకా ఆగలేక మెట్లు దిగేశాను. జేబులో ఇంకో ఆర్డర్ మోగుతోంది మరి. ఇప్పటికీ అది గుర్తొస్తే కొంచెం సిగ్గుగా ఉంటుంది.

నవలలో ముప్పై నిమిషాలు దాటితే మాఫియా పెద్ద అంకుల్ ఎంజో హెలికాప్టర్‌లో కస్టమర్ ఇంటికే వచ్చి క్షమాపణ చెప్తాడు. అందరూ జోక్ అనుకొని నవ్వుతారు. నాకు మాత్రం కుళ్ళు పుట్టింది. అక్కడ ఆలస్యానికి ముఖం చూపించే మనిషి ఒకడున్నాడు. మాకు ఆలస్యమైతే ముఖం లేదు, పేరు లేదు, రేటింగ్ పడిపోతుంది అంతే. 1992లో ఆయన ఊహించిన దానికంటే మనదే ఎక్కువ సైబర్‌పంక్, అదే, కంప్యూటర్లూ కంపెనీలూ మనిషిని నలిపేసే కథల బాపతు.

అర్ధరాత్రి_నోట్స్
మూడో షిఫ్ట్ అన్నా, ఆ తువ్వాలు ముక్క బాగా తగిలింది.

ఉగ్గాణి_బజ్జీ
అన్నా, షేర్వా ఒలికిన రోజు మా ఇంటికి వచ్చింది నువ్వేనా?

మూడో_షిఫ్ట్
నేనే అయ్యుంటాను. రేటింగ్ ఎంతిచ్చావో చెప్పు ముందు.

సీమచింత
నాకు నచ్చినవాడు రేవెన్. గాజు కత్తులు పట్టుకొని తిరుగుతాడు, తలకు అణుబాంబు ముడిపెట్టుకున్నాడు, వాడు చస్తే అది పేలుతుంది. అందుకే పోలీసులు కూడా వాడికి దారి ఇస్తారు. చదువుతుంటే మన కడప సినిమా ఒకటి గుర్తొచ్చింది. సుమోలు ఒక్కటే తక్కువ.

ఏడురోడ్లు
మొదలుపెట్టారా. కడపలో పుట్టి పెరిగినవాడిని, నేను చూసిన అతి పెద్ద గొడవ కారం దోశ మీద పప్పుల పొడి తక్కువ వేశాడని. పక్క జిల్లావాడివి నువ్వు కూడా సినిమా వాళ్ళ మాటే మాట్లాడితే ఎట్లా?

సీమచింత
సరదాకన్నాను మామా. కానీ ఆలోచించు, ఆ నవలలో ప్రభుత్వం చిక్కిపోయి, ఒక్కో కాలనీ ఒక్కో దేశమై కూర్చుంటుంది. గేటు, గేటు దగ్గర కాపలా, లోపల వాళ్ళ చట్టం వాళ్ళది. దానికి కొడవళ్ళు అక్కర్లేదు. అనంతపురం బైపాస్ పక్కన కొత్త వెంచర్లు చూడు. కమాను, సెక్యూరిటీ క్యాబిన్, రిజిస్టర్‌లో సంతకం. మా బావమరిది ఇంటికి పోవడానికి నా ఫోటో తీసుకున్నారు.

ఏడురోడ్లు
ఇది ఒప్పుకుంటా. ఆ మాట ముందే అనొచ్చు కదా.

గడియారస్తంభం
ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు కుట్టిన చీమ వేరు. మెటావర్స్‌లో, అంటే నవలలోని ఆ కంప్యూటర్ లోకంలో, ఉండే పెద్ద వీధి పొడవు గమనించారా? 65,536 కిలోమీటర్లు. భూమి చుట్టు కొలత సుమారు 40,000. ఈ అంకె ఎక్కడిది? రెండును పదహారు సార్లు గుణిస్తే వస్తుంది. ఆ వీధిలో 256 కిలోమీటర్లకొక ఎక్స్‌ప్రెస్ స్టేషన్, అట్లాంటివి మొత్తం 256. ఇది చదివి నేను పుస్తకం పక్కనపెట్టి ఒక్కడినే నవ్వాను, మా ఇంట్లోవాళ్ళు భయపడ్డారు. క్లాసులో బైనరీ చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ వీధినే వాడుతున్నాను. "సార్, ఆ వీధిలో ప్లాటు రేటెంత" అని వెనక బెంచీ నుంచి వస్తుంది ప్రతి ఏడూ.

పేరు సంగతి కూడా చెప్తాను. పాత మ్యాకింటోష్ కంప్యూటర్ పాడైనప్పుడు తెర నిండా పిచ్చి చుక్కలు వచ్చేవట, సిగ్నల్ పోయిన టీవీలాగా. దాన్నే రచయిత స్నో క్రాష్ అన్నాడు. మంచు ఎరుగని ఊరివాళ్ళం, మనకు ఆ పోలిక తట్టదు. కానీ చుక్కలు మాత్రం మనకు తెలిసినంత ఎవరికీ తెలియవు. మిద్దె మీద నాన్న యాంటెన్నా తిప్పుతుంటాడు. కింద గుమ్మంలో నేను. "వచ్చిందా?" "రాలేదు." "ఇప్పుడు?" "వచ్చింది, వచ్చింది... పోయింది!" నాన్న చెయ్యి తీస్తే పోయేది. చెయ్యి పెట్టుకొని నిలబడితే ఉండేది. ఒక ఆదివారం సినిమా అరగంట ఆయన పైనే నిలబడ్డాడు, మేము కింద చూశాం.

తుంగభద్ర_గట్టు
మా ఇంట్లో చెల్లెలు పట్టుకునేది. యాంటెన్నాకు కాఫీ పంపేవాళ్ళం.

అర్ధరాత్రి_నోట్స్
నేను చెనిక్కాయ పక్షమే, కారణం వేరు. తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్ని. ఇంగ్లీషు నవల అంటే పక్కన డిక్షనరీ పెట్టుకొని గంటకు నాలుగు పేజీలు. ఈ పుస్తకానికి అట్లా కుదర్లేదు. సగం మాటలు డిక్షనరీలోనే లేవు, రచయితే పుట్టించాడు. వెతకడం మానేశాక వేగం వచ్చింది. వై.టి. అని ఒక కొరియర్ పిల్ల ఉంటుంది, స్కేట్‌బోర్డు మీద పోతూ అయస్కాంతం కట్టిన తాడు కారుకు విసిరి దాని వెనకాలే జారుకుంటూ పోతుంది. ఆ విసిరే పరికరాన్ని ఆయన ఏమన్నాడో ఇప్పటికీ నాకు నోరు తిరగదు. కానీ తాడు బిగుసుకోవడం, కారువాడు అద్దంలో చూసి తిట్టుకోవడం కళ్ళకు కట్టింది. అది చాలదా?

మాటలన్నీ తెలిస్తేనే చదివినట్టు అనే మాస్టార్లను చూసే నేను పదేళ్ళు ఇంగ్లీషు పుస్తకం ముట్టలేదు. అందుకే ఉగ్గాణి "చదవనట్టే" అంటే మండింది.

ఉగ్గాణి_బజ్జీ
అక్కా, మాటలు దూకడం వేరు, అధ్యాయాలు దూకడం వేరు. నేనన్నది రెండోదాన్ని. ఉగ్గాణిలో అక్కడక్కడ కరివేపాకు తీసి పక్కన పెట్టొచ్చు. బొరుగులే తీసేస్తే ఏం మిగిలింది?

అర్ధరాత్రి_నోట్స్
బజ్జీ మిగిలింది. అది తినడానికే చాలామంది వస్తారు.

చెనిక్కాయ
🙏 అక్క నాకు న్యాయం చేసింది.

పాతపలక
తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి బలవంతం మీద చదివాను, నెల పట్టింది. మీరందరూ వేగం వేగం అంటున్నారు, ఆ వేగం ఎక్కడ ఉందో ఒకసారి చూడండి. సంఘటనల్లో లేదు. పిజ్జా కారు గమ్యం చేరేలోపు ఆయన అమెరికా ఆర్థిక వ్యవస్థ, పిజ్జా విశ్వవిద్యాలయం, కాలనీల చరిత్ర, అన్నీ చెప్పేస్తాడు. కారు ఉన్నచోటే ఉంటుంది! అయినా మనకు పరిగెత్తినట్టుంటుంది. ఎందుకు?

నాకు బుర్రకథ తోచింది. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు. కథకుడు యుద్ధం దాకా తెచ్చి ఆపుతాడు. హాస్యగాడు అడ్డం పడి ఏదో అంటాడు, జనం నవ్వుతారు. రాజకీయం వాడు కరువు గురించో కరెంటు బిల్లు గురించో చురక వేస్తాడు. అప్పుడు మళ్ళీ తంబురా మీద దరువు, తందాన తాన, యుద్ధం. ఈ రచయిత ఆ ముగ్గురి పనీ ఒక్కడే చేస్తున్నాడు, ఒక్కో పేరాలో వేషం మారుస్తూ. పైగా కథంతా వర్తమానంలో నడుపుతాడు, "వెళ్ళాడు" అనడు, "వెళ్తున్నాడు" అంటాడు. దరువు ఆగదు.

లైబ్రరీ దగ్గర ఏమైందంటే హాస్యగాడు, రాజకీయం వాడు ఇద్దరూ టీ తాగడానికి పోయారు. కథకుడు ఒక్కడే పురాణం చెప్తున్నాడు. అందుకే మీకు ఆగినట్టుంది. చెనిక్కాయ తప్పేమీ లేదు, రచయితదే కొంత తప్పు.

ఏడురోడ్లు
పాతపలక గారూ, నేను రెండేళ్ళుగా చెప్పలేకపోయిన మాట ఇది.

ఉగ్గాణి_బజ్జీ
పలక సార్ చెప్పింది బాగుంది కానీ తీర్పు ఒప్పుకోను. ఆ పురాణంలోనే విలన్ ప్లాన్ ఉంది. చెనిక్కాయకు చివర అర్థం కానిది అందుకే. స్పాయిలర్ వద్దనుకునేవాళ్ళు ఈ పోస్టు దాటేయండి.

సుమేరులో "మే" అని ఉంటాయి. నవల ప్రకారం అవి మనుషులకు రాసిన ప్రోగ్రాములు. రొట్టె ఎట్లా కాల్చాలి, ఈ పనికి ఏ వరుస, ఆ పనికి ఏ వరుస, అన్నీ గుడిలో పూజారి దగ్గర ఉంటాయి. జనం ఆలోచించరు, వాటిని నడుపుతారు. ఎన్కి ఒక "నామ్-షుబ్" రాస్తాడు, అంటే పలికితే పనిచేసే మాట. అది విన్నవాడి బుర్రలో పాత భాష చెడిపోతుంది. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. భాషలు విడిపోయాయని బైబిల్ చెప్పే బేబెల్ గోపురం కథ అదే అంటాడు రచయిత. విలన్‌కు కావలసింది దానికి తిరుగు, జనాన్ని మళ్ళీ ఆ పాత స్థితికి తెచ్చి తన ఆజ్ఞ నేరుగా బుర్రలోకి ఎక్కించడం. ఇది వదిలేస్తే రేవెన్, ఓడలు, వైరస్ అన్నీ ఊరికే తన్నులాటే.

చెనిక్కాయ
ఓహో. అంటే హ్యాకర్‌కు తెర మీద చుక్కలు చూపిస్తే వాడు పడిపోవడం, బయట జనం గొణుక్కోవడం, రెండూ ఒకే జబ్బా? నేను వేర్వేరు గొడవలనుకున్నానే!

ఉగ్గాణి_బజ్జీ
చదవనట్టే అన్నానా లేదా.

సీమచింత
"మే" అంటే మా జేజి ఓళిగల పద్ధతి. కాగితం మీద ఎక్కడా లేదు, ఆమె నోట్లోనే ఉంది. అమ్మ అడిగితే "చేయి చెప్తాది" అనేది. జేజి పోయాక మా ఇంట్లో ఓళిగలు అన్నీ చినుగుతున్నాయి. ప్రోగ్రాము కాపీ తీసుకోలేదు ఎవరూ.

గడియారస్తంభం
ఈ పోస్టుకు లైక్ బటన్ ఎక్కడ.

పాతపలక
ఉగ్గాణి చెప్పింది చదివాక నా తీర్పు కొంచెం సడలిస్తున్నాను. నిజానికి ఎన్కి నామ్-షుబ్ రచయిత పుట్టించింది కాదు, "ఎన్మెర్కర్, అరట్ట ప్రభువు" అనే అసలు సుమేరియన్ కావ్యంలో ఉంది. దాన్ని వైరస్‌ను చేసింది మాత్రం ఈయనే.

మాట పనిచేస్తుందనే నమ్మకానికి మనం సుమేరు దాకా పోనక్కర్లేదు. చెనిక్కాయ తల ఎత్తకుండా దాటిన గుత్తి నుంచి పత్తికొండ దారి పడితే ఎర్రగుడి వస్తుంది. అశోకుడి శాసనాలు బండల మీద ఉన్నాయి. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతవి కుడి నుంచి ఎడమకు, ఎద్దులు మడక తిప్పుకున్నట్టు రాశారు. ఎండలో నిలబడి చూస్తుంటే నాకు బ్రాహ్మి ఒక్క అక్షరం రాకపోయినా ఎవరో గొంతు పెంచి చెప్తున్నట్టే అనిపించింది. ఇటు ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ శాసనం, సుమారు 575 నాటిది, రేనాటి చోళ ధనంజయుడిది, ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో తొలిది.

మన పాత దాన శాసనాల చివర ఒక శాపం ఉంటుంది చూడండి. దీన్ని చెరిపినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని, కాశీలో ఆవును చంపిన పాపమని. చదివినవాడి చేయి ఆగాలి, అందుకే ఆ మాటలు.

గడియారస్తంభం
అంటే అది ఫైర్‌వాల్ సార్. వెయ్యేళ్ళు అప్‌డేట్ లేకుండా నడిచింది.

తుంగభద్ర_గట్టు
నడవలేదులే. మా ఊళ్ళో ఒక శాసనం రాయి మీద బట్టలు ఉతుకుతారు.

మూడో_షిఫ్ట్
నాకొకటి చెప్పండి. కంప్యూటర్ లోకంలో మన బొమ్మను "అవతార్" అంటాడు కదా, అది మన అవతారమే కదా? దాన్ని మళ్ళీ ఇంగ్లీషు నుంచి "అవతార్" అని తెచ్చుకుంటున్నాం. నైట్ డ్యూటీ నుంచి వస్తే మా అమ్మ మొన్న కూడా "ఏం అవతారంరా ఇది" అంది. ఆ వాడకమే కరెక్టు అనిపిస్తుంది. నవలలో కూడా పేదవాడికి నలుపు తెలుపు బొమ్మే, పబ్లిక్ బూత్ నుంచి వచ్చినవాడని అందరికీ తెలిసిపోతుంది. నా డీపీలాగా.

అర్ధరాత్రి_నోట్స్
😂 అమ్మలందరూ మెటావర్స్‌లోనే ఉన్నారు. ఫేస్‌బుక్ కంపెనీ 2021లో మెటా అని పేరు మార్చుకోకముందు నుంచీ.

ఏడురోడ్లు
దీని తర్వాత ఏం చదవాలి? విలియం గిబ్సన్ న్యూరోమాన్సర్ (1984) అంటున్నారు అందరూ. హ్యూగో, నెబ్యులా, ఫిలిప్ కె. డిక్ అని సైన్స్ ఫిక్షన్ అవార్డులు మూడూ కొట్టిందట.

ఉగ్గాణి_బజ్జీ
గొప్ప పుస్తకం, కానీ వేగం కోసమైతే వద్దు. స్టీఫెన్‌సన్ జోక్ వేసి మళ్ళీ వివరిస్తాడు. గిబ్సన్ ఏదీ వివరించడు, నువ్వే పట్టుకోవాలి. అది కూడా టీవీ చుక్కల ఆకాశంతోనే మొదలవుతుంది, గడియారస్తంభం సారుకు నచ్చుతుంది. దాన్ని మాన్యువల్ టైప్‌రైటర్ మీద కొట్టాడంటే నమ్ముతారా?

గడియారస్తంభం
నమ్ముతా. కంప్యూటర్ తెలిసినవాడు అంత అందంగా రాయలేడు. రోజూ హ్యాంగ్ అవడం చూసినవాడికి మోహం ఎక్కడ ఉంటుంది?

అర్ధరాత్రి_నోట్స్
న్యూరోమాన్సర్ నేను నలభై పేజీల్లో వదిలేశాను. ఉగ్గాణి ఏమంటాడో చూద్దాం.

ఉగ్గాణి_బజ్జీ
ఏమీ అనను అక్కా. నేను దాన్ని మూడోసారికి గానీ దాటలేదు.

చెనిక్కాయ
అప్‌డేట్. నిన్న రాత్రి కరెంటు పోతే ఫోన్ టార్చి గ్లాసులో నిలబెట్టి లైబ్రరీ అధ్యాయాలు మాత్రమే వరసగా చదివాను, మిగతావి దూకి. అంటే మొదటిసారి చేసిన దానికి తిరుగు. పలక సార్ చెప్పినట్టు దరువు లేదు నిజమే, కానీ ఆ లైబ్రేరియన్ తనకు జోకులు అర్థం కావని చెప్పే తీరు నవ్వొచ్చింది. మొదటిసారి ఇది ఎట్లా తప్పిపోయిందో. ఒకచోట మాత్రం మళ్ళీ విసుగొచ్చింది, అషేరా అనే పాత దేవత దగ్గర. అక్కడ ఒక పేజీ దూకాను, ఒప్పుకుంటున్నాను. పాతాయన పెన్సిల్ ఆగిన చోటి నుంచి నేను రాయడం మొదలుపెట్టాను. "మే" పక్కన "ఓళిగలు" అని రాశాను.

సీమచింత
జేజి పేరు కూడా రాయాల్సింది.

మూడో_షిఫ్ట్
ఆ కాపీ తర్వాత నాకు కావాలి. నేను చదివింది ఫోన్‌లో, సగం ఆర్డర్ల నడుమ. ఈసారి కర్నూలు వచ్చేటప్పుడు చెప్పు, బస్టాండుకు వస్తా.

చెనిక్కాయ
శనివారం మధ్యాహ్నం బస్సు. బస్టాండులో దిగగానే ఫోన్ చేస్తా. ముప్పై నిమిషాల్లో రాకపోతే?

ఉగ్గాణి_బజ్జీ
రాకపోతే అంకుల్ ఎంజో బదులు నేనొస్తా, బస్టాండు నాకు దగ్గరే. పొట్లంలో నాలుగు బజ్జీలు తెస్తా, షేర్వా మాత్రం అడగొద్దు.